కదలని ఎర్రగీత

"మళ్ళీ అడుగుతున్నానమ్మా. తొందరేం లేదు, ఆలోచించుకునే చెప్పు. మీ నాన్న చెయ్యి పెట్టేముందు రంపం తిరుగుతోందా, ఆగి ఉందా?"

"ఆగే ఉంది బాబాయ్‌గారూ."

"ఎవరైనా చెబితే విన్నావా, కళ్ళారా చూశావా?"

"కళ్ళారా చూశాను. ఎర్రగీత కదలకుండా కనిపించింది. పళ్ళు లెక్కపెట్టమంటే లెక్కపెట్టి చెప్పేదాన్ని."

ఈ ఒక్క మాట ఆమె మొగుణ్ణి జైలుకి పంపబోతోంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ ఇదే చెప్పింది. ఒక్క అక్షరం అటూ ఇటూ చేస్తే కట్టుకున్నవాడు బయటపడతాడు, కానీ అవతల ఆస్పత్రి మంచం మీద కన్నతండ్రి రెండు రోజులుగా కళ్ళు తెరవకుండా పడి ఉన్నాడు. అబద్ధం ఎవరి కోసం ఆడాలి? నిద్రలేక ఆమె కళ్ళు ఎర్రబడి వాచిపోయి ఉన్నాయి.

ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ప్రైవేటు డిటెక్టివ్‌ని అందరూ గడియారంగారనే పిలుస్తారు. పాతికేళ్ళు పోలీసు శాఖలో వేలిముద్రల సెక్షన్‌లో పనిచేసి బయటికొచ్చిన మనిషి. ఎవరే సంగతి చెప్పబోయినా "అప్పుడు టైమెంత?" అని అడ్డం తగలడం ఆయనకి అలవాటు. ఎడమచేతికి రెండు వాచీలు పెట్టుకుంటాడు. ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుందట. ప్రస్తుతానికి రెండూ ఒకే మాట మీదున్నాయి. పన్నెండూ పది. మూడింటికి ఆమె భర్తని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

జరిగింది చెప్పుకోవడానికి నాలుగు ముక్కలే. మంగళవారం పొద్దున పది నలభై ఒకటికి, ఈ కలప కార్ఖానాలోని రంపం షెడ్డులో పెద్దమేస్త్రీ కుడిచెయ్యి గుండ్రటి రంపానికి తగిలి నాలుగు వేళ్ళు తెగిపోయాయి, వెనక్కి పడి తలకీ దెబ్బ తగిలింది. ఆ క్షణాన మెయిన్ స్విచ్చి దగ్గరున్నది ఒకే ఒక్కడు, మేస్త్రీ సొంత అల్లుడు. వేరు కాపురం పెడతానని అల్లుడు, నా కూతుర్ని తీసుకెళ్తే చూడు అని మామ, ఆ పొద్దుటే అందరి ముందూ మాటామాటా అనుకున్నారు. రంపం ఆగి ఉంది, మామ చెయ్యి పెట్టాడు, అల్లుడు స్విచ్చి నొక్కాడు. ఇన్‌స్పెక్టరు కేసుని ఇలా మూడు వాక్యాల్లో మూట కట్టేశాడు.

గడియారంగారు పొద్దున తొమ్మిదీ ఇరవైకి అల్లుడు కబురంపితే వెళ్ళి లాకప్పులో అతన్ని కలిశాడు. రెండు రోజులుగా అడిగినవాళ్ళందరికీ అతను చెప్పేది ఒకటే మాట.

"నేను స్విచ్చి వెయ్యలేదు సార్. అసలు ఆపితే కదా మళ్ళీ వెయ్యడానికి?"

"టీ టైముకి రంపం ఆపాలని రూలుంది కదా. ఎందుకు ఆపలేదు?"

"పది ముప్పై మూడుకి స్టోరాయన వచ్చి, ఒక్క పలక అర్జెంటుగా కోసిపెట్టు, ఆపకు, రెండు నిమిషాల పనే అన్నాడు. పలక తెద్దామని స్విచ్చిబోర్డు పక్కనున్న దొంతర దగ్గరికెళ్ళాను. నాకు నచ్చిన పలక కింద ఇరుక్కుపోయింది. దాన్ని లాగుతుంటే మా ఆవిడ కేక వినపడింది."

"దొంతర దగ్గర్నుంచి రంపం కనపడుతుందా?"

"కనపడదు సార్. మనిషెత్తు కలప అడ్డం."

"మీ ఆవిడ రంపం ఆగి ఉందంటోంది."

 "తను అబద్ధం చెప్పదు సార్. అదే నాకు అర్థం కావట్లేదు" అన్నాడు అల్లుడు. ఆ మాట విన్నాకే గడియారంగారు కేసు ఒప్పుకున్నాడు. తన మెడకి ఉచ్చు బిగిస్తున్న పెళ్ళాన్ని కూడా వెనకేసుకొచ్చే మనిషి, మామ చేతి మీదికి రంపం వదలడని ఆయన లెక్క.

"ఎర్రగీత సంగతి ఇంకోసారి చెప్పమ్మా."

"నాన్నకి చెవులు పూర్తిగా పోయాయి కదండీ, ముప్పై ఏళ్ళు ఆ హోరులోనే ఉన్నాడు. మేమందరం చెవుల్లో దూది పెట్టుకునే పనిచేస్తాం. రంపం తిరుగుతోందో లేదో చెవితో తెలీదని, నాన్న దాని మొహం మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఎర్ర రంగుతో గీత గీశాడు. గీత కనపడితే ఆగినట్టు. గీత పోయి గులాబీ రంగు మసక కనపడితే తిరుగుతున్నట్టు. పనిలో చేరినవాడికి మొదటిరోజు నేర్పేది అదే. గీత చూడకుండా చెయ్యి పెడితే నాన్న చెంప పగలగొడతాడు."

"మంగళవారం గీత ఎలా ఉంది?"

"అడ్డంగా ఉంది. నేలకి సమానంగా."

"అడ్డంగానా? నీ మొహం" అంది తలుపు దగ్గర్నుంచి పాలిష్ పిన్ని. నలభై ఏళ్ళుగా కుర్చీలకి పాలిష్ పట్టిపట్టి ఆవిడ గోళ్ళు కూడా టేకు రంగుకి తిరిగాయి. ఎవరూ పిలవకపోయినా లోపలికొచ్చి బెంచీ మీద కూర్చుంది. "నిలువుగా ఉంది నాయనా. జెండా కర్రలాగా నిటారుగా నిలబడి ఉంది. ఇది దుఃఖంలో ఉంది, దీనికేం తెలుసు?"

"పిన్నీ, నాన్న వెనకాలే వెళ్ళింది నేను. నాకు తెలీదా?"

"నీ వెనకాలే వచ్చింది నేను. నాకు మాత్రం తెలీదా? నా కళ్ళకేం రోగం? సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను."

గడియారంగారు కూర్చున్నవాడల్లా నిటారుగా అయ్యాడు. "ఆగండాగండి. పిన్నిగారూ, ఈ అమ్మాయి షెడ్డులోకి అడుగుపెట్టిన ఎంతసేపటికి మీరు వెళ్ళారు?"

"ఎంతసేపేంటి? చెప్పు వదిలేసి, కొంగు దోపుకున్నంతసేపు."

"పది సెకన్లు. అప్పటికి మేస్త్రీ చెయ్యి పెట్టాడా?"

"లేదు. గీత వైపు చూసి, రోజూ టీ టైములో చేసేట్టే సందులో పొట్టు తీద్దామని అప్పుడే వంగుతున్నాడు. ఈ మాటే ఇన్‌స్పెక్టరుకి చెబితే, ముసలిదానివి, నీకు కళ్ళు సరిగ్గా కనపడవు అన్నాడు. వాడి కళ్ళు పోనూ."

"మీ ఇద్దరూ నిజమే చెబుతున్నారు" అన్నాడు గడియారంగారు. రాసుకుందామని పెన్ను తీశాడు. మొరాయించింది. అది అప్పుడప్పుడూ చేసే పనే. దాన్ని జేబులో కుక్కుకుని లేచాడు. "పదమ్మా, షెడ్డు చూపించు. ఆగి ఉన్న రంపం మీద గీత పది సెకన్లలో అడ్డం నుంచి నిలువుకి ఎలా తిరిగిందో నాక్కూడా చూడాలనుంది."

* * *

షెడ్డు గుమ్మంలోనే ఇన్‌స్పెక్టరు ఎదురుపడ్డాడు. ఒకప్పుడు గడియారంగారి టేబుల్ పక్కన నిలబడి వేలిముద్రలు చదవడం నేర్చుకున్నవాడే. ఇప్పుడు భుజాల మీద నక్షత్రాలున్నాయి, వాటితోపాటు నడుము చుట్టూ కొంచెం కండ కూడా చేరింది.

"గడియారంగారూ, మీ రెండు వాచీలూ ఒకేసారి ఆగిపోయాయా? కేసు అయిపోయింది. మూడింటికి రిమాండు."

"ఇంకా రెండున్నర గంటలుంది. ఒక్క అరగంట నాకివ్వండి."

"ఎందుకు? ఇద్దరు సాక్షులున్నారు. అందులో ఒకరు ముద్దాయి భార్యే. ఇంతకంటే గట్టి సాక్ష్యం నా సర్వీసులో చూళ్ళేదు."

"ఆ ఇద్దరిలో ఒకరు గీత అడ్డంగా ఉందన్నారు, ఇంకొకరు నిలువుగా ఉందన్నారు. అది చూశారా?"

"ఆవిడకి అరవై ఏళ్ళు సార్."

"మీకు నలభై. మీరే చూద్దురుగాని రండి."

లోపల పట్టపగలు కూడా మసకగానే ఉంది. కిటికీలకి అడ్డంగా కలప పేర్చేశారు. పొట్టు లాగే ఫ్యాను ఒక మూల హోరెత్తిపోతోంది, పక్క షెడ్డులో చిత్రికపట్టే యంత్రం దానికి వంత పాడుతోంది. కూతురు అందరికీ తలా రెండు దూది ఉండలిచ్చింది. ఎదుటివాడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేనే మాట అందుతుంది. మధ్యలో రంపం బల్ల. దాని చివర షాఫ్టుకి బిగించి, భోజనం పళ్ళెమంత రంపం. పక్క నుంచి చూస్తే చక్రం మొత్తం కనిపిస్తుంది. మొహం మీద ఎర్రగీత. పైన ఒకే ఒక్క ట్యూబ్‌లైటు, రెండు చివర్లా నల్లబడిన పాతది.

గడియారంగారు బల్ల చుట్టూ తిరిగాడు. స్విచ్చిబోర్డు పన్నెండు అడుగుల దూరం, మధ్యలో కలప దొంతర. అల్లుడు చెప్పింది నిజమే, అటు నుంచి ఇటు కనపడదు. నోటుబుక్కు తెరిచి ఆ సంగతి రాయబోయాడు. పెన్ను మళ్ళీ మొరాయించింది. విసుగ్గా గాల్లో విదిలించాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ విదిలించాడు, ఈసారి నెమ్మదిగా, పెన్ను వైపే చూస్తూ. చేతిలో ఉన్నది ఒక్క పెన్నే. గాల్లో కనిపించినవి మాత్రం ఎనిమిదో పదో, విసనకర్ర పుల్లల్లా విడివిడిగా. గబగబా గుమ్మం దగ్గరికెళ్ళి ఎండలో అదే పెన్ను విదిలించాడు. అక్కడ మసక తప్ప ఏమీ లేదు. వెనక్కొచ్చి ట్యూబ్‌లైటు కింద విదిలిస్తే మళ్ళీ పది పెన్నులు.

"ఏంటి సార్, సిరా చల్లుతున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గడియారంగారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. స్టూలు లాక్కుని బల్ల పక్కన ఎక్కాడు. ట్యూబ్‌లైటు పట్టీ మీద రంపపు పొట్టు వేలు మందాన పేరుకుంది. దాని పక్కనే, జానెడు దూరంలో, దూలం నుంచి వైరు వేలాడుతోంది. చివర బల్బు హోల్డరు. హోల్డరు మీదా పొట్టే. లోపల మాత్రం శుభ్రంగా మెరుస్తోంది. వైరుకి కట్టిన అట్టముక్క మీద వంకర అక్షరాలతో రాసి ఉంది. 'దీన్ని తియ్యొద్దు.'

"ఇది ఎవరి రాత?"

కూతురు తలెత్తి చూసింది. "నాన్నదే. ఇక్కడ గుండు బల్బు ఉండేదండీ. రోజూ పొద్దున్నే నాన్నే స్వయంగా వెలిగించేవాడు. ట్యూబ్‌లైటు ఉండగా ఇదెందుకు నాన్నా అంటే, నీకెందుకే, వెలగనీ అనేవాడు. అదేంటి, బల్బు లేదేంటి?"

"మంగళవారం పొద్దున ఉందా?"

"ఉంది. ఎనిమిదింటికి వెలిగించడం నేను చూశాను."

"ఎన్నాళ్ళుగా ఉందిక్కడ?"

"రెండేళ్ళై ఉంటుంది. స్టోరాయన వేళ్ళు పోయిన నెలకో ఏమో నాన్న పెట్టాడు."

గడియారంగారు స్టూలు మీద నుంచే ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "ఈ రంపం ఇంతకుముందు కూడా ఒకర్ని కొరికిందన్నమాట. ఆ కేసు ఎవరు రాశారు?"

"నేనే. అదేమంత కేసు కాదు. అప్పట్లో ఆ స్టోరాయన ఇక్కడే రంపం పని చేసేవాడు. తాగి చెయ్యి పెట్టాడు, రెండు వేళ్ళు పోయాయి. ఆ తర్వాత స్టోరులోకి మార్చారు."

"తాగాడని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా సార్? నేను చూసేసరికి రంపం ఆగే ఉంది అంటాడు. గిర్రున తిరిగే రంపాన్ని పట్టుకుని ఆగి ఉందనేవాడు తాగకుండా ఎలా ఉంటాడు? మేస్త్రీ కూడా అదే చెప్పాడు. రాసి మూసేశాం."

ఆ మాటలు అతను అరిచి చెబుతున్నప్పుడు గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, బూడిదరంగు చొక్కాలో. కుడిచెయ్యి జేబులో ఉంది. కార్ఖానాలో అందరూ అతన్ని వెనకాల మూడువేళ్ళు అంటారు, ఎదురుగా స్టోరాయన అంటారు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలీదు.

"ఏమయ్యా, నీ స్టోరులో గుండు బల్బు ఉంటే పట్రా. గడియారంగారు ఏదో గారడీ చేస్తారట" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అతను తల ఊపి వెళ్ళి, మూడు నిమిషాల్లో బల్బుతో వచ్చాడు. ఎడమచేత్తో అందించాడు.

"బల్బు ఇచ్చావుగా, ఇక అటెళ్ళి మెయిన్ దగ్గర నిలబడు. చెప్పినప్పుడు వెయ్యి, చెప్పినప్పుడు ఆపు. మాట వినపడదు, దొంతర మీదుగా నా చెయ్యి కనపడుతుంది, ఒకసారి ఎత్తితే వెయ్యి, మళ్ళీ ఎత్తితే ఆపు. పని అయ్యాక ఇటు తొంగి చూసి చెప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతను దొంతర వెనక్కి వెళ్ళాడు.

గడియారంగారు బల్బు బిగించి వెలిగించాడు. పసుపు వెలుగు రంపం మీద పడింది. ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు. కాళ్ళ కింద నేల కొంచెం అదిరింది, అంతే. శబ్దం ఫ్యాను హోరులో కలిసిపోయింది. ఎర్రగీత చెదిరి, కరిగి, గులాబీ రంగు మసకైపోయింది.

"తిరుగుతోంది. ఎవరైనా చెబుతారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇప్పుడు చూడండి." గడియారంగారు స్టూలెక్కి చేతిరుమాలుతో బల్బు పట్టుకుని, నొక్కి తిప్పి ఊడదీశాడు. వెలిగి అయిదు నిమిషాలు కూడా కాలేదు, అయినా గుడ్డలోంచి చురుక్కుమంది. మంగళవారం ఆ బల్బు రెండున్నర గంటలు వెలిగింది కదా అన్న ఆలోచన వచ్చింది. అంతలో కూతురు కేక పెట్టింది.

ఎర్రగీత వచ్చేసింది. రంపం మొహం మీద స్పష్టంగా, కదలకుండా. పళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ఆగిపోయింది. కరెంటు పోయిందా?" అంటూ ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకేశాడు.

గడియారంగారు నేల మీద నుంచి చెక్కముక్క తీసి, కదలకుండా ఉన్న రంపం మీదికి విసిరాడు. ముక్క రెండై, అందులో ఒక సగం ఇన్‌స్పెక్టరు చెవి పక్క నుంచి దూసుకెళ్ళి గోడకి కొట్టుకుంది. ఇన్‌స్పెక్టరు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"ట్యూబ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉందనుకుంటాం" అన్నాడు గడియారంగారు, ఇద్దరి చెవులకీ మధ్య నోరు పెట్టి. "కాదు. సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంది. మన కన్ను అందుకోలేదు. ఈ రంపం ఒక వెలుగుకీ ఇంకో వెలుగుకీ మధ్య సరిగ్గా అరచుట్టు తిరుగుతోంది. గీత ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఉంది కదా, అరచుట్టు తిరిగినా అదే చోట కనపడుతుంది. వెలుగు పడినప్పుడల్లా గీత అక్కడే ఉంటే, ఆగిందని కాక ఇంకేమనుకుంటాం? గుండు బల్బు అలా కాదు, లోపలి తీగ వేడెక్కి ఉంటుంది కాబట్టి వెలుగు పెద్దగా తగ్గదు, గుండు బల్బులున్నన్నాళ్ళూ గీత నిజమే చెప్పింది. మేస్త్రీకి ఈ సంగతి తెలుసు. అందుకే తియ్యొద్దని రాసి పెట్టాడు. ఆ రోజు ఎండలోంచి లోపలికొచ్చాడు, బల్బు వైపు చూళ్ళేదు, ముప్పై ఏళ్ళ అలవాటుకొద్దీ గీత చూసి వంగాడు."

"మరి అడ్డం, నిలువు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో వెటకారం పోయింది.

"లెక్క అంత కచ్చితంగా కుదరదు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకని గీత నెమ్మదిగా పాకుతుంది. బాగా చూడండి."

నిజమే. నిలువుగా ఉన్న గీత వెనక్కి వాలుతోంది, గడియారంలో సెకన్ల ముల్లు కంటే కాస్త వేగంగా, ఏమీ ఎరగనట్టు.

కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే నేను చూసింది..."

"నువ్వు చూసింది నువ్వు చెప్పావు తల్లీ. నీ తప్పేం లేదు. నీ కన్నే నిన్ను మోసం చేసింది."

ఆమె అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చేసింది. రెండు రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు. మొగుణ్ణి నమ్మలేకపోయానన్న సిగ్గు, నమ్మొచ్చన్న ఊరట, రెండూ ఒకేసారి మీద పడ్డాయి.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ చెయ్యెత్తాడు. దొంతర పక్క నుంచి స్టోరాయన తొంగి చూసి, ఆపేశానన్నట్టు ఎడమచెయ్యి ఊపి మళ్ళీ వెనక్కి తగ్గాడు.

"అల్లుడు వెయ్యలేదు, సరే. మరి బల్బు తీసిందెవరు?" ఇన్‌స్పెక్టరు బల్ల మీదికి వంగాడు. రంపానికీ బల్లకీ మధ్య సందులో, ఇందాక తెగిన చెక్కముక్క చిన్నది ఇరుక్కుని ఉంది. "ఇది కూడా సాక్ష్యం కింద పెట్టుకోవాలి సార్. కోర్టులో చూపిస్తే..." అంటూ చెయ్యి చాపాడు.

గడియారంగారు అప్పుడు బల్బు గురించే ఆలోచిస్తున్నాడు. రెండున్నర గంటలు వెలిగిన బల్బుని, ఎనిమిది నిమిషాల వ్యవధిలో, వట్టి చేత్తో తీసినవాడి వేళ్ళు కాలకుండా ఉంటాయా? ఇవాళ బల్బు ఎడమచేత్తో ఎందుకిచ్చాడు? ఆపకు, ఒక్క పలక కోసిపెట్టు అన్నది ఎవరు? ఆలోచిస్తూనే ఆయన చూపు గీత మీద పడింది.

తిరిగే రంపాన్ని ఆపితే ఏం జరగాలి? వేగం తగ్గుతూ లెక్క తప్పాలి. గీత చెదరాలి, మసకబారాలి, గిరగిరా తిరగాలి, చివరికి ఆగాలి. అదేదీ జరగలేదు. గీత ఇందాకటి నుంచీ ఒక్కసారి కూడా చెదరలేదు. ఆయన చూస్తుండగానే అడ్డం నుంచి నిలువుకి పాకుతోంది.

ఇన్‌స్పెక్టరు వేళ్ళు సందుకి జానెడు దూరంలో ఉన్నాయి.

గడియారంగారు కేకెయ్యలేదు. దూది పెట్టుకున్న చెవికి కేక అందేలోపు వేళ్ళు పోతాయి. రెండు చేతులతో ఇన్‌స్పెక్టరు కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ పొట్టులో వెల్లకిలా పడ్డారు. ఆయన జేబులోంచి పెన్ను ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి రంపాన్ని తాకింది. రెండు ముక్కలై, సిరా ఇన్‌స్పెక్టరు చొక్కా నిండా చిమ్మింది.

కొంతసేపు ఇన్‌స్పెక్టరు తన వేళ్ళ వైపే చూసుకున్నాడు. అయిదూ ఉన్నాయి. ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాడు.

గడియారంగారు లేచి దొంతర వెనక్కి నడిచాడు. స్టోరాయన పారిపోలేదు. బోర్డు పక్కనే నిలబడి ఉన్నాడు. స్విచ్చి పైకే ఉంది. గడియారంగారు దాన్ని కిందికి దించి, ఫ్యాను కూడా ఆపాడు. ఇక మిగిలింది పక్క షెడ్డు చప్పుడే, మాట వినపడుతోంది. రంపం వేగం నెమ్మదిగా తగ్గి, గీత చెదిరి, మసకబారి, గిరగిరా తిరిగి ఆగింది.

"ఆ చెయ్యి బయటికి తీస్తావా?"

అతను కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. బొటనవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. మూడింటి కొసలూ బొబ్బలెక్కి ఉన్నాయి.

"బల్బు ఎన్నింటికి తీశావు?"

"పది ముప్పై అయిదు. టైము మీకు ఇష్టం కదా, చూసుకునే తీశాను." అతని గొంతులో కోపం లేదు. మాటలు మాత్రం ఎన్నాళ్ళ నుంచో వరసగా పేర్చుకున్నట్టు వచ్చాయి. "ఇన్‌స్పెక్టరుగారూ, రెండేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర మీ కాళ్ళు పట్టుకుని చెప్పాను. రంపం ఆగే ఉంది సార్, నా కళ్ళతో చూశాను అని. నా జన్మలో చుక్క ముట్టలేదు. మీరు తాగాడని రాశారు. మేస్త్రీ అవునన్నాడు. నా పిల్లలు బళ్ళో తాగుబోతు పిల్లలయ్యారు. మా ఆవిడ కూడా ఒకరోజు, నిజం చెప్పు, తాగావా అని అడిగింది."

"అందుకని మనిషిని చంపుతావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పొట్టు దులుపుకుంటూ. 

"నెల తిరక్కుండా ఆయన ఆ బల్బు వేలాడదీశాడు సార్. అంటే ఆయనకి తెలిసింది. నేను అబద్ధం చెప్పలేదని తెలిసింది. రోజూ పొద్దున్నే వచ్చి ఆ బల్బు వెలిగించేవాడు, స్టోరు ముందు నుంచే వెళ్ళేవాడు, నాతో ఒక్క మాట అనలేదు. పదిమందిలో అక్కర్లేదు, నా ఒక్కడి చెవిలో చెప్పినా సరిపోయేది. రెండేళ్ళు చూశాను. ఆయన కూడా నేను చూసిందే చూడాలనుకున్నాను. మీరు కూడా."

"మా ఆయన్ని ఎందుకు ఇరికించావు?" అంది కూతురు. "ఆయన నీకేం చేశాడు?"

అతను తల దించుకున్నాడు. "అతని మీదికి పోతుందనుకోలేదమ్మా. పోయాక చెప్పే ధైర్యం చాలలేదు."

అప్పుడే కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు. ఆస్పత్రి నుంచి ఫోను. మేస్త్రీ పన్నెండూ యాభైకి కళ్ళు తెరిచాడు. ప్రాణానికి ఫరవాలేదు. చెయ్యి గురించి అడగలేదట, అల్లుడి గురించీ అడగలేదట. అడిగింది ఒకటే మాట. "బల్బు ఎవరు తీశారు?"

కూతురు కన్నీళ్ళు తుడుచుకుంది. తండ్రి బతికాడు, భర్త బయటికొస్తాడు, పరిగెత్తుకుని వెళ్ళాల్సిన మనిషి వెళ్ళలేదు. తలెత్తి ఆ అట్టముక్క వైపు చాలాసేపు చూసింది. దీన్ని తియ్యొద్దు. చెంప పగలగొట్టి మరీ రూలు నేర్పిన తండ్రి, ఆ రూలు తప్పని తెలిశాక గీత చెరపలేదు, తప్పయిందని ఒక్కరికీ చెప్పలేదు. గుట్టుగా ఒక బల్బు వేలాడదీసి ఊరుకున్నాడు.

"ఇన్‌స్పెక్టరుగారూ, నా స్టేట్‌మెంటు చింపెయ్యండి. కొత్తది ఇస్తాను, రాసుకోండి."

"అలాగేనమ్మా. స్టేషనుకి వెళ్ళాక..."

"ఇక్కడే రాయండి."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ దగ్గర పెన్ను తీసుకుని, సిరా మరకల చేతుల్తోనే కాగితం బల్ల మీద పెట్టాడు. పెట్టేముందు రంపం వైపు ఒకసారి చూశాడు. గీతని నమ్మలేదు, చెక్కముక్క విసిరి చూశాడు.

"నేను చూసింది జరగలేదు. నా భర్త స్విచ్చి వెయ్యలేదు. ముందు ఇది రాయండి."

"రాశాను."

ఆమె స్టోరాయన వైపు తిరిగింది. అతని చేతికి కానిస్టేబుల్ బేడీ తగిలిస్తున్నాడు. ఆమె మొహంలో జాలి లేదు. ఈ మనిషి తన తండ్రి చెయ్యి తీశాడు, తన సంసారాన్ని రెండు రోజులు నిప్పుల్లో పెట్టాడు. అతన్ని ఆమె ఈ జన్మలో క్షమించదు.

"రెండో వాక్యం" అంది. "రెండేళ్ళ కిందట ఈయన తాగలేదు. ఈయన చెప్పింది అబద్ధం కాదు. ఈయన చూసిందే నేనూ చూశాను. కింద నా సంతకం పెడతాను, మీది కూడా పెట్టండి."

ఇన్‌స్పెక్టరు కలం కాగితం మీద ఆగిపోయింది. గడియారంగారు వాచీ చూసుకున్నాడు. ఒంటిగంటా ఎనిమిది. ఆ వాక్యం రాయడానికి ఇన్‌స్పెక్టరుకి పూర్తిగా నాలుగు నిమిషాలు పట్టింది. అంతసేపూ స్టోరాయన, బేడీ వేసిన చేతుల్తో, కాగితం వైపు కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాడు.